పొద్దుగాల స్టార్ట్ చేస్తే పికప్ ఊగుతుంది, మిస్సింగ్, ఇంజిన్ దెబ్బలు తప్పుతున్నయ్. నాలుగు ఇంజెక్టర్లూ (సిలిండర్ల డీజిల్ కొట్టేవి) మార్చాలె అంటున్నరు, నిజమేనా?

పికప్_శీను
పదిహేను దినాల సంది పరేషాన్ ఉంది. బండి 2018 పికప్, 2.5 లీటర్ కామన్ రైల్ డీజిల్ (అన్ని ఇంజెక్టర్లకు ఒక్క హైప్రెషర్ పైపు నుంచే డీజిల్ పోతది), నాలుగు సిలిండర్లు, బీఎస్4, 2 లక్షల 38 వేలు తిరిగింది. రాత్రి 2 గంటలకు వంటిమామిడిల లోడ్ ఎత్తుకొని తెల్లారకముందే బోయిన్‌పల్లి మార్కెట్ల దించాలె, రోజూ గదే పని. ఇప్పుడేమో చల్లగున్నప్పుడు స్టార్ట్ చేస్తే బండి మొత్తం ఊగుతుంది, గేర్ రాడ్ ఒక్కకాడ నిలుస్తలేదు, వెనక తెల్ల పొగ. అయిదు నిమిషాలు మిస్సింగ్ కొట్టి తర్వాత జర సర్దుకుంటది గాని పూర్తిగ పోదు, సిగ్నల్ కాడ ఆగితే మళ్ల గడగడ. 1500 దాటి రేస్ ఇస్తే ఏం లేనట్టే పోతది. లీటర్‌కు 13 ఇచ్చేది ఇప్పుడు 10 దాటుతలేదు. చెక్ ఇంజిన్ లైట్ వెలుగుతలేదు. అద్దాలు మూస్తే లోపల వాసన కూడ వస్తుంది. సుచిత్ర దిక్కు ఒక మెకానిక్‌కు చూపిస్తే రెండు నిమిషాలు చెవి పెట్టి విని నాలుగు ఇంజెక్టర్లు ఖతం, 68 వేలు అన్నడు. ఈఎంఐ ఇంకా 7 నెలలు ఉంది. ఏం జెయ్యాలె చెప్పుండ్రి.

సైలెన్సర్
చెవి పెట్టి వింటే 68 వేలా? మా కాలనీ డాక్టర్ స్టెతస్కోప్ పెట్టి విని 300 తీస్కుంటడు, మందులు కూడ రాస్తడు.

ఓఆర్ఆర్_రైడర్
ముందు ఈజీఆర్ వాల్వ్ (పొగలో కొంత మళ్లీ ఇంజిన్‌లోకి పంపేది) చూడండి బ్రో. 2 లక్షలు తిరిగిన బండిలో అది మసి పట్టి తెరుచుకునే ఉండిపోతుంది, ఐడిల్‌లో, అంటే రేస్ ఇవ్వనప్పుడు, పొగంతా మళ్లీ లోపలికే వెళ్లి ఇంజిన్‌కి ఊపిరాడదు. నా ఎస్‌యూవీకి అదే అయింది, తీసి కార్బ్ క్లీనర్ కొట్టి మసి గోకితే సెట్ అయిపోయింది. ఎయిర్‌ఫ్లో సెన్సార్ కూడా ఒకసారి క్లీన్ చేయించండి.

నాజిల్_నరేష్
ఈజీఆర్ తెరుచుకొని ఉండిపోతే మామూలుగ నల్ల పొగ రావాలె, ఈయన తెల్ల పొగ అంటుండు. నల్లగ వస్తే గాలి తక్కువ, డీజిల్ ఎక్కువ. నీలంగ వస్తే ఇంజిన్ ఆయిల్ కాలుతుంది. తెల్లగ వచ్చి కండ్లు మండితే పోసిన డీజిల్ కాలకుండనే బయటికి పోతుందన్నట్టు. తెల్లగ వచ్చి రేడియేటర్‌ల నీళ్లు కూడ తగ్గుతుంటే అది ఇంజిన్ పైభాగం, హెడ్ కింద ఉండే గ్యాస్కెట్ లొల్లి. శీనన్నా, కండ్లు మండుతున్నయా? నీళ్లు తగ్గుతున్నయా?

పికప్_శీను
కండ్లు బాగ మండుతున్నయ్. మార్కెట్ల హమాలీలు తిడుతున్నరు బండి ఆపుకో అని. నీళ్లు తగ్గలే, డబ్బాల గీత కాడనే ఉన్నయ్.

గుంటూరు_టు_గచ్చిబౌలి
డీజిల్ ఎక్కడ కొట్టిస్తున్నారండీ? వానాకాలంలో బంకు ట్యాంకుల్లో నీళ్లు దిగుతాయి. మా బావమరిది ట్రాలీ ఇలాగే గింజుకుంటుంటే ఫిల్టర్ కింద స్క్రూ వదిలితే అర గ్లాసు నీళ్లు వచ్చాయి. ఇంకో మాట, ట్యాంకులో ఒక లీటరు కిరోసిన్ పోస్తే ఇంజెక్టర్లు కడిగినట్టు అవుతాయి అంటారు మా ఊళ్లో.

నాజిల్_నరేష్
కిరోసిన్ మాత్రం వద్దు అన్నా, దండం పెడ్త. పాత పంపులకు నడిచిందేమో గాని కామన్ రైల్ల హైప్రెషర్ పంపుకు డీజిలే ఆయిల్, లోపల వేరే గ్రీజు లేదు ఏం లేదు. కిరోసిన్‌కు ఆ జిడ్డు ఉండదు, పంపు లోపల గీతలు పడి ఇనుప పొడి రైల్లకు, ఆడికెల్లి నాలుగు ఇంజెక్టర్లకు పోతది. అప్పుడు 68 వేలు కూడ సాలవు.

ఇగ శీనన్నకు. నేను పంపు షాపులనే పని చేస్త, ఇంజెక్టర్లు అమ్మితే నాకే లాభం, అయినా చెప్తున్న, చూడకుండ మార్చకు. మొదలు సస్తా పనులు చెయ్. ఫిల్టర్ కింద స్క్రూ వదిలి పారదర్శకం సీసాల పట్టు, పది నిమిషాలు పక్కకు పెట్టు, నీళ్లుంటే అడుగుకు దిగుతయ్, గీత కనబడతది. ఫిల్టర్ మార్చి ఎన్ని వేలు అయిందో చూడు. తర్వాత ఫిల్టర్ నుంచి పంపుకు పోయే పైపు మధ్యల ఒక జానెడు తెల్ల పైపు కలుపు, ఇంజిన్ ఆన్ చేసి చూడు. బుడగలు పోతుంటే ట్యాంకుకు ఫిల్టర్‌కు మధ్యల ఏడనో గాలి గుంజుతుంది, ఎక్కువ శాతం ఫిల్టర్ ఓ రింగ్ (రబ్బర్ రింగ్), కాదంటే పైపు బిగించే బంజో బోల్ట్ వాషర్. గివన్నీ బాగుంటే రిటర్న్ టెస్ట్ చెయ్, అంటే ఇంజెక్టర్ వాడంగ మిగిలి వాపస్ పోయే డీజిల్ కొలుసుడు. ఒక్కో ఇంజెక్టర్ రిటర్న్ పైపు తీసి ఒక్కో సీసాల పెట్టు, రిటర్న్ లైన్ అటు దిక్కు మూసెయ్, రెండు మూడు నిమిషాలు ఐడిల్‌ల నడుపు. అన్నిట్ల సుమారు ఒక్కతీరు రావాలె. ఒకదాంట్ల మిగతావాటికంటే రెండింతలు మూడింతలు వస్తే ఆ ఇంజెక్టర్ లోపల అరిగింది.

పికప్_శీను
నాలుగు ఒక్కసైజు సీసాలు యాడ దొరుకుతయ్ అన్నా?

సైలెన్సర్
వైన్స్ ముంగట. క్వార్టర్లు. కొలత కూడ కంపెనీదే, 180.

రాణిగంజ్_కాకా
హ హ, నవ్వకుండ్రి, నిజంగనే మెకానిక్‌లందరు గవే వాడతరు. పైపులకు మెడికల్ షాపుల సెలైన్ పైపు కొను. పది నిమిషాల పనికి నడుస్తది, డీజిల్‌ల నానబెడితే మెత్తబడతది, అందుకే పర్మనెంట్‌గ పెట్టకు.

టాపెట్_తాత
ఇంత కథ ఎందుకు బాబూ. ఇంజిన్ నడుస్తుండగా ఒక్కొక్క ఇంజెక్టర్ పైపు నట్టు స్పానర్‌తో కొంచెం వదులు చేస్తే తెలిసిపోతుంది. వదిలినప్పుడు ఇంజిన్ ఇంకా గింజుకుంటే ఆ సిలిండర్ పని చేస్తున్నట్టు. వదిలినా ఏ తేడా లేకపోతే దొంగ అదే. ఆర్టీసీ డిపోలో 31 ఏళ్లు ఇలాగే పట్టుకున్నా.

నాజిల్_నరేష్
తాతా పెద్దోనివి, మాటకు ఎదురుచెప్తున్న అనుకోకు, కానీ ఈ పని ఈ బండికి ఎవ్వరు చెయ్యొద్దు. నీ కాలం బండ్లల నాజిల్ 200 బార్ ప్రెషర్‌కు కొట్టేది, అది కూడ కొట్టినప్పుడే. ఇది ఐడిల్‌లనే 250, 300 బార్, రేస్ ఇస్తే 1600 దాక పోతది, పైపుల ఎప్పుడూ ఆ ప్రెషర్ ఉంటది. నట్టు వదిలితే సన్నగ సూది తీరు వచ్చే డీజిల్ చర్మం కోసుకొని లోపటికి పోతది. పైకి చిన్న చుక్క తీరు కనబడతది, నొప్పి కూడ లేదు అని ఇంటికి పోతరు, తెల్లారేసరికి చెయ్యి వాస్తది. వేలు తీసేయాల్సి వచ్చినోళ్లు ఉన్నరు. ఎవరికన్న అట్ల అయితే కట్టు కట్టుకొని కూసోకుండ వెంటనే పెద్ద దవాఖానకు పోవాలె. ఇంజిన్ ఆపినంక కూడ కొద్దిసేపు ఆగి పైపులు ముట్టుకోండ్రి.

టాపెట్_తాత
నిజమే బాబూ, నేను రిటైర్ అయ్యేనాటికి మా దగ్గర అన్నీ పాత పంపులే. శీను, నేను చెప్పింది చెయ్యకు. ఆ పరీక్షే ఇప్పుడు ఎలా చేస్తారో నరేష్‌ని అడుగు.

నాజిల్_నరేష్
అదే పరీక్ష, తీరు వేరు తాతా. ఇంజిన్ ఆపి ఒక్క ఇంజెక్టర్ కరెంట్ ప్లగ్ పీకి మళ్ల స్టార్ట్ చేసి వినాలె. నడుస్తుండంగ చేతితోని పీకొద్దు, ఆ వైర్ల 60, 70 వోల్టుల దెబ్బ ఉంటది. కొన్ని బండ్లల ఒకటి పీకితే ఇంజినే లేవదు, గట్లయితే స్కానర్ తోని చూడాలె. నిజానికి స్కానరే మంచిది. లైవ్ డేటాల సిలిండర్ కరెక్షన్ అని ఉంటది. ఏ సిలిండర్ బలం తక్కువ ఉంటే ఈసీయూ (ఇంజిన్ కంప్యూటర్) దానికి డీజిల్ ఎక్కువ పోస్తది, ప్లస్‌ల చూపిస్తది. ఎక్కువ కొడుతున్న ఇంజెక్టర్ మైనస్‌ల ఉంటది.

ఓఆర్ఆర్_రైడర్
నా దగ్గర 900 రూపాయల బ్లూటూత్ స్కానర్ ఉంది, అందులో ఇవేం రావు. ఆర్‌పీఎం, టెంపరేచర్ చూపించి ఊరుకుంటుంది. గ్యారేజీ స్కానరే కావాలి.

బాటసింగారం_బత్తాయి
నా కేసు చెప్తా. పండ్ల మార్కెట్ గడ్డిఅన్నారం నుంచి ఇక్కడికి వచ్చినప్పటి నుంచి రోజూ 60 కిలోమీటర్లు ఎక్కువ తిరుగుతున్నా, బండి ఒక రోజు శీనుదిలాగే వణుకుడు మొదలుపెట్టింది. ఇంజెక్టర్ అన్నారు, టాపెట్ అన్నారు, చివరికి ఇంజిన్ ఫౌండేషన్ రబ్బర్ చిరిగింది, 1,800తో అయిపోయింది. సైలెన్సర్ దగ్గర ఒక కాగితం ముక్క పట్టుకోండి. టప టప టప అని ఒకే తాళం మీద కొట్టుకుంటే ఇంజిన్ బాగున్నట్టే, వణుకు రబ్బర్‌ది. మధ్యలో ఒక దెబ్బ తప్పుతుంటే మాత్రం మిస్సింగే.

మల్కాజిగిరి_మామ
మా ఇంటి ముంగట ఆపిన బండికి ఎలక ఇంజెక్టర్ వైర్ కొరికింది. మూడు వేలు స్కానింగ్‌కు పెట్టినంక తెలిసింది. ఎలక మాత్రం ఇంకా ఆడనే ఉంది.

పికప్_శీను
రెండు దినాలు టైం దొరకలే, ఇప్పుడు చెప్తున్న. ఫిల్టర్ స్క్రూ వదిలితే మూత నిండ నీళ్లు వచ్చినయ్, ఎక్కువ ఏం లేవు. ఫిల్టర్ కొత్తది ఏశిన, ఎక్కేటప్పుడు కొద్దిగ పికప్ మెరుగైంది గాని వణుకుడు అట్లనే ఉంది. బుడగలు లేవు. కాగితం పెట్టి చూసిన, మూడు కొట్టి ఒకటి తప్పుతుంది, పక్కా. రిటర్న్ టెస్ట్ చేసిన, నాలుగు క్వార్టర్ సీసాలు తాడుతోని కట్టి బ్యాటరీ పక్కన నిలబెట్టిన, మా ఆవిడ చూసి ఏమనుకుందో అడగకుండ్రి. మూడు నిమిషాలకు నాలుగిట్ల దాదాపు ఒక్కతీరు, సీసాల అడుగుకు రెండేళ్ల ఎత్తు. తేడా అంటే అగ్గిపుల్ల మందం.

నాజిల్_నరేష్
చూసినవా అన్నా, నాలుగు ఇంజెక్టర్లు ఖతం అన్నోడు ఇప్పుడు ఏమంటడు? రిటర్న్ బాగుందంటే ఇంజెక్టర్ మొత్తం బాగుందని కాదు, నోటికాడ నాజిల్ కారుతున్నా రిటర్న్‌ల తెల్వదు. కానీ నాలుగూ ఒక్కసారి పోలేదు, అది గ్యారంటీ. మూడు కొట్టి ఒకటి తప్పుతుందంటే ఒక్క సిలిండర్ సమస్య. ఇగ అది ఏదో చూడాలె.

గుంటూరు_టు_గచ్చిబౌలి
ఒక్కటే అయితే ఆ ఒక్క ఇంజెక్టర్ మార్చేస్తే పోలా?

నాజిల్_నరేష్
ఆ ఒక్క సిలిండర్ల ఇంజెక్టర్ పోయిందా, కంప్రెషన్ (సిలిండర్ల గాలిని నొక్కే బలం) పోయిందా, వైర్ పోయిందా మనకు తెల్వదు కదన్నా. ఇంజెక్టర్ మార్చినా దాని మీద రాసి ఉన్న కోడ్ ఈసీయూల ఎక్కించాలె, ఉట్టిగ పెడితే కొత్తది కూడ గరగర అంటది. చానమంది ఆడనే తప్పు చేస్తరు, బాగున్న కొత్త ఇంజెక్టర్‌ను పాడైందంటరు.

టాపెట్_తాత
శీను, నీ మొదటి పోస్టు మళ్లీ చదివాను. అద్దాలు మూస్తే లోపల వాసన అన్నావు. ఎవరూ పట్టించుకోలేదు. అది పచ్చి డీజిల్ వాసనా, కాలిన పొగ వాసనా? ఇంకోటి, బానెట్ ఎత్తి ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు స్టార్ట్ చేయించి విను, చుఫ్ చుఫ్ చుఫ్ అని ప్రెషర్ కుక్కర్ విజిల్ వచ్చే ముందు వచ్చే లాంటి శబ్దం ఉందా?

పికప్_శీను
తాతా కాలిన పొగ వాసన. ఫ్యాన్ పెడితే ఇంకా ఎక్కువ. చప్పుడు గురించి రాత్రి చూసి చెప్త.

పికప్_శీను
ఉంది!! తాత చెప్పినట్టే చుఫ్ చుఫ్. ఇన్ని దినాలు బెల్ట్ అనుకున్న. పైన ప్లాస్టిక్ కవర్ విప్పిన, మూడో ఇంజెక్టర్ చుట్టు నల్లగ తారు తీరు గడ్డ కట్టింది, రోడ్డు మీద పోసే డాంబర్ లెక్క, స్క్రూడ్రైవర్‌తోని పొడిస్తే పెచ్చులు లేస్తుంది. మిగతా మూడింటి కాడ శుభ్రం ఉంది. సబ్బు నీళ్లు పోస్తే ఆడ బుడగలు బుసబుస వస్తున్నయ్.

టాపెట్_తాత
అంతే. ఇంజెక్టర్ కింద రాగి వాషర్ లీకు. సిలిండర్‌లో పుట్టిన మంట కిందికి తొయ్యాల్సింది పోయి పక్కనుంచి పైకి తన్నుకొస్తోంది, చల్లగా ఉన్నప్పుడు కంప్రెషన్ చాలక డీజిల్ అంటుకోదు, అందుకే తెల్లపొగ. ఆ గాలి బానెట్ కిందనుంచి నీ ఫ్యాన్‌లోకి వస్తోంది. కొత్త వాషర్ 40, 50 రూపాయలు.

సైలెన్సర్
68 వేల నుంచి 50కి. ఈ రేటు తగ్గుడు ఉల్లిగడ్డకు కూడ లేదు.

నాజిల్_నరేష్
వాషర్ 50యే గాని పని 50ది కాదు. ఆ డాంబర్ల ఇంజెక్టర్ అతుక్కొని ఉంటది, బలంగ తిప్పితే పైన కరెంట్ తల విరుగుతది. రాత్రే చుట్టు డీజిల్ పోసి నానబెట్టు, పొద్దుగాల ఇంజిన్ కాస్త వేడెక్కినంక స్లైడ్ హ్యామర్ (జారే బరువుతోని బయటికి గుంజే పనిముట్టు) తోని మెల్లగ గుంజాలె. కింద వాషర్ కూసునే సీటును కూడ మంట కోసి ఉంటది, సీట్ కట్టర్ తోని చేతితో రెండు చుట్లు తిప్పి సాపు చేయాలె, కట్టర్‌కు గ్రీజు రాస్తే పొట్టు సిలిండర్ల పడకుండ అంటుకుంటది. పాత వాషర్ మళ్ల ఏసుడు లేదు. ఇంకో మాట, ఊరికే వాషర్ పోదు. ఇంతకుముందు ఎవరన్న ఆ ఇంజెక్టర్ తీసిండ్రా?

పికప్_శీను
ఆ, ఎనిమిది నెలల కింద మేడ్చల్ దిక్కు బండి ఆగిపోతే ఒక షాపుల మూడో ఇంజెక్టర్ తీసి క్లీన్ చేసి పెట్టిండ్రు. అప్పుడు బాగనే నడిచింది.

నాజిల్_నరేష్
అన్నా!! ఇది ఇన్ని పోస్టుల తర్వాత చెప్తున్నవా?

మల్కాజిగిరి_మామ
మా బామ్మర్ది కూడ గంతే. డాక్టర్ కాడ అన్ని టెస్టులు అయినంక చెప్తడు, నిన్న ఫంక్షన్ల మటన్ తిన్న అని.

పికప్_శీను
దానికి దీనికి సంబంధం ఉంటదని నాకేం ఎరుక అన్నా, ఎనిమిది నెలలాయె.

బాటసింగారం_బత్తాయి
వాషర్ లీకుతో ఇంకొన్నాళ్లు నడిపితే ఏమవుతుంది? సీజన్‌లో బండి ఆపాలంటే కష్టం కదా, అందుకే అడుగుతున్నా.

నాజిల్_నరేష్
ఎంత నడిపితే ఆ డాంబర్ అంత గట్టిపడతది, సీటు అంత లోతు కోస్తది. ఇంజెక్టర్లు వాల్వ్ కవర్ లోపల ఉండే ఇంజిన్లల ఇంకా డేంజర్, ఆ మసి ఆయిల్ల కలిసి కింద స్ట్రైనర్ జాలిని మూసేస్తది, ఆయిల్ ప్రెషర్ పడిపోయి క్రాంక్ పట్టేస్తది. శీనన్నది బయట ఉంది కాబట్టి బతికిండు.

పికప్_శీను
అయిపోయింది. ఆదివారం మార్కెట్ సెలవు అని నరేష్ అన్న చెప్పినట్టే రాత్రి డీజిల్ పోసి నానబెట్టిన. బాలానగర్ దిక్కు తెలిసినాయన ఒకాయన స్లైడ్ హ్యామర్ తెచ్చిండు, నలభై నిమిషాలు పట్టింది, ఒక్కసారి టక్కుమని ఊడి ఆయన వెనక్కి పడ్డడు. ఇంజెక్టర్ ముక్కుకు వాషర్ ఉంది, ఒక దిక్కు నల్లగ మాడి గీత పడింది. ఇగ కొత్తది ఏసుడే అనుకున్నం. ఆయన టార్చ్ పెట్టి బొక్కలకు చూసి నన్ను పిలిచిండు. అడుగున ఇంకో వాషర్ ఉంది! మసితోని కలిసిపోయి హెడ్‌ల భాగమే అన్నట్టు కనబడుతుంది, గోకితే రాగి మెరిసింది. అంటే ఎనిమిది నెలల కింద పాత వాషర్ తియ్యకుండనే దాని మీద కొత్తది పెట్టి బిగించిండ్రు. సన్నటి ఆకురాయి లాంటి, మర కోసే ట్యాప్ ఒకటి దాని మధ్యల తిప్పి పట్టుకున్నంక పైకి గుంజితే వచ్చింది. రెండు వాషర్లు నా అరచేతిల పెట్టిండు, ఒకటి మీద ఒకటి పెడితే మూడు మిల్లీమీటర్లు ఉన్నయ్.

టాపెట్_తాత
మిల్లీమీటరున్నర పైకి లేచి కూర్చుందన్నమాట ఇంజెక్టర్. డీజిల్ పిస్టన్ గిన్నెలో పడాల్సింది అంచు మీద పడుతుంది. మైలేజీ అక్కడే పోయింది. పిస్టన్ కాలలేదు, అదృష్టవంతుడివి.

నాజిల్_నరేష్
నా అనుభవంల ఇది మూడోసారి చూసుడు. ఆ పాత వాషర్ సీటుకు అతుక్కొని కింద పడదు, టార్చ్ పెట్టకపోతే కనబడదు. ఇంజెక్టర్‌ను పట్టుకునే క్లాంప్ బోల్ట్ కొత్తది ఏశినవా? కొలత ప్రకారం బిగించే టార్క్ రెంచ్ తోనే బిగించిండ్రా? ఒకసారి సాగిన బోల్ట్ మళ్ల సరిగ పట్టదు.

పికప్_శీను
బోల్ట్ కొత్తదే, రాణిగంజ్ నుంచి తెప్పించిన. రెంచ్ క్లిక్ మంది నేనే విన్న. ఇంజెక్టర్‌ను టెస్ట్ బెంచ్ మీద కూడ చూపించిన, స్ప్రే బాగుంది అన్నరు, అదే మళ్ల అదే జాగల పెట్టినం కాబట్టి కోడ్ ఎక్కించుడు లేదు. హ్యాండ్ పంప్ కొట్టి గాలి తీసి స్టార్ట్ చేస్తే మొదలు ఒక పది సెకన్లు గుర్ మని తర్వాత ఇగ సప్పుడు లేదు. ఇయ్యాల రాత్రి 2 గంటలకు చల్లబండిని లేపిన, డ్యాష్‌బోర్డ్ మీద చాయ్ గ్లాస్ పెట్టిన, ఒలకలే. పొగ లేదు. అన్నీ కలిపి, ఫిల్టర్, వాషర్లు, బోల్ట్, బెంచ్, ఆయన కూలి, 5,400 అయింది.

ఓఆర్ఆర్_రైడర్
కంగ్రాట్స్ బ్రో. ఈజీఆర్ కూడా ఒకసారి క్లీన్ చేయించండి ఎందుకైనా మంచిది.

సైలెన్సర్
రైడర్ అన్న పెండ్లి పత్రిక ఇచ్చినా ఈజీఆర్ క్లీన్ చేయించుకోమనే అంటడు.

గుంటూరు_టు_గచ్చిబౌలి
ఆ మేడ్చల్ షాపు వాడిని అడిగారా మరి?

పికప్_శీను
పోయి రెండు వాషర్లు టేబుల్ మీద పెట్టిన. మా కాడ చేసింది కాదు అన్నడు. బిల్లు లేదు నా కాడ, కాగితం మీద రాసిచ్చిండు, అది కూడ పోయింది. ఇగ లైట్ తీస్కున్న.

బాటసింగారం_బత్తాయి
ఇది చదివాక నేనూ బానెట్ ఎత్తి చూశా. నాకు రెండో ఇంజెక్టర్ దగ్గర కొంచెం నల్లగా తడిగా ఉంది, చుఫ్ చుఫ్ లేదు. అది ఇదేనా?

నాజిల్_నరేష్
గట్టిగ డాంబర్ తీరు ఉంటే మంట లీకు. తడిగ జిడ్డుగ ఉంటే రిటర్న్ పైపు ఓ రింగ్ కాడ డీజిల్ కారుతుండొచ్చు, అది చిన్న పని. శుభ్రంగ తుడిచి రెండు దినాలు నడిపి మళ్ల చూడు, ఫోటో పెట్టు.

రాణిగంజ్_కాకా
శీనూ, ఆ క్వార్టర్ సీసాలు పారేయకు, బత్తాయి భాయ్‌కు కావాలె.

పికప్_శీను
లేవు కాకా. హ్యామర్ తెచ్చినాయన తీస్కపోయిండు, నింపి తెస్త అన్నడు, ఇంకా రాలే.